తుపాకి గొట్టంలో మసి

రెండేళ్ల కిందట మా ఆశ్రమ పాఠశాలలో సాంఘిక శాస్త్రం మాస్టారు సెలవు పెడితే ఎనిమిదో తరగతికి నన్ను పంపారు. నేను చదివింది ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా. నేను రోజూ చెప్పేది చిన్న తరగతులకే. ఆ రోజు పాఠం 1857 తిరుగుబాటు. కొత్త తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట సిపాయిల్లో పాకిందనీ, ఆ తూటాను పళ్లతో కొరకాల్సి రావడంతో హిందువులూ ముస్లింలూ కూడా తిరగబడ్డారనీ చెప్పుకుంటూ పోతున్నాను. వెనక బెంచీలో కూర్చునే ఒక కుర్రాడు లేచి అడిగాడు: "మాస్టారూ, అసలు తూటాకి కొవ్వెందుకు పుయ్యాలి మాస్టారూ?"

పుస్తకంలో దానికి జవాబు లేదు. ఆవు కొవ్వా, పంది కొవ్వా అన్న గొడవ ఉంది గానీ కొవ్వు అవసరం ఎందుకొచ్చిందో లేదు. నాకు మాత్రం జవాబు తెలుసు. అది నాకు ఏ శిక్షణ కళాశాలలోనూ చెప్పలేదు. మా తాత పొయ్యి దగ్గర నేర్చుకున్నాను.

తుపాకి గురించి రాయడం మన ప్రాంతంలో అంత తేలిక కాదు. ఆ మాట పలికితే వినేవాడు ముందు అటూ ఇటూ చూస్తాడు. నేను తుపాకిని పొగడడానికి ఇది రాయడం లేదు. దానివల్ల మన ఊళ్లకు ఎంత కష్టం వచ్చిందో మనందరికీ తెలుసు. కానీ మన చరిత్రలో తుపాకి ఉంది. అది ఉన్నచోట గొట్టంలో మసి కూడా ఉంది. పేల్చినవాళ్ల కథలు చాలా రాశారు. గొట్టం కడిగినవాళ్ల వైపు నుంచి చూస్తే అదే చరిత్రలో ఇంతకుముందు కనపడని సంగతి ఒకటి కనపడుతుంది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

తాత పొయ్యి దగ్గర

మా తాతకు పంట కాపలా కోసం లైసెన్సు తుపాకి ఒకటి ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ పీలిక కుక్కి, గుండు వేసి, గజంతో దట్టించే నాటు తుపాకి అది. గజం అంటే దట్టించడానికి వాడే పొడవాటి కడ్డీ. కొండవాలు చేలో కందీ రాగీ కోతకొచ్చే రోజుల్లో అడవి పందులు మందలుగా దిగేవి. తాత మంచె మీద పడుకుని, అవసరమైతే ఒక్కసారి పేల్చేవాడు. పంది పడిందా పారిపోయిందా అన్నది వేరే మాట. పేల్చిన తెల్లారి మాత్రం గంజి తాగే ముందే తుపాకి కడగాల్సిందే.

మా నాయనమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద కుండతో నీళ్లు కాచేది. గొట్టం అడుగున, నిప్పు లోపలికి పోయే చిన్న బెజ్జం ఉంటుంది. దాన్ని మా ఇంట్లో తుపాకి చెవి అనేవాళ్లం. తాత ఆ చెవి దగ్గరి ముక్క ఊడదీసి, తుపాకిని నిలబెట్టి, ఆనపకాయ బుర్రతో వేడినీళ్లు గొట్టంలో పోసేవాడు. కింద చెవిలోంచి నల్లటి నీళ్లు కారేవి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది. మేము ముక్కు మూసుకుని చుట్టూ మూగేవాళ్లం. నల్ల నీళ్లు బూడిద రంగుకు మారి, చివరికి తేటపడేదాకా పోస్తూనే ఉండేవాడు. ఆ తర్వాత గజం చివర గుడ్డ చుట్టి పైకీ కిందకీ తోసేవాడు. గొట్టం ఇంకా వేడిగా ఉండగానే లోపల తడి ఆరిపోయేది. పొడిగుడ్డ తెల్లగా వచ్చాక కొంచెం ఆముదం పట్టించి, చూరు కింద కట్టేవాడు.

"పేల్చడం ఎవడైనా పేలుస్తాడురా బాబూ. కడిగినోడిదే తుపాకి" అనేవాడు. ఒకసారి నేను, "చల్లనీళ్లు పోస్తే ఏం తాతా?" అని అడిగాను. "మసి పోద్ది గానీ తడి పోదురా. తడుంటే రాత్రికి రాత్రే తుప్పు తినేస్తది" అన్నాడు.

తాత బడి మొహం చూడలేదు. ఆయన చెప్పినదాంట్లో ఉన్న శాస్త్రం నాకు తర్వాత పుస్తకాల్లో దొరికింది. పాతకాలపు నల్లమందులో సుమారు 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. పెట్లుప్పునే సూరేకారం అని కూడా అంటారు. ఈ మందు కాలినప్పుడు మొత్తం పొగైపోదు. బరువులో సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది. కొంత పొగతో బయటికి ఎగిరిపోతుంది, మిగిలింది గొట్టం లోపలి గోడకు అంటుకుంటుంది. అందులో ఎక్కువ భాగం పొటాషియం లవణాలే. అవి నీళ్లలో కరుగుతాయి. గాలిలోని చెమ్మను కూడా పీల్చుకుంటాయి. అందుకే కడగకుండా వదిలేస్తే మసి తడిసి ఇనుమును తినడం మొదలుపెడుతుంది. ఏడాదిలో నాలుగైదు నెలలు వాన పట్టి, ఉప్పు కూడా నీరు కారే మన కొండల్లో అది ఇంకా తొందరగా జరుగుతుంది. వేడినీళ్లు ఆ లవణాలను కరిగించి తీసుకుపోతాయి, వేడెక్కిన ఇనుము తడిని ఆర్పేస్తుంది.

కొవ్వు ఎందుకు పూశారు

ఇక ఆ కుర్రాడి ప్రశ్నకు వద్దాం. తాత తుపాకి గొట్టం లోపల నున్నగా ఉండేది. రైఫిల్ గొట్టం అలా ఉండదు. లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. గుండు ఆ గాడులను పట్టుకుని తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగే గుండు దారి తప్పదు కాబట్టి రైఫిల్ గురి చాలా దూరం నిలుస్తుంది. నున్నని గొట్టం తుపాకి గుండు వంద గజాలు దాటితే ఎటు పోతుందో చెప్పలేం.

అయితే గాడులున్న గొట్టానికి మసి పెద్ద శత్రువు. గుండు గాడులను పట్టుకోవాలంటే బిగుతుగా ఉండాలి. నాలుగుసార్లు పేల్చేసరికి గాడులు మసితో పూడిపోతాయి. అప్పుడు ఆ బిగుతు గుండును మూతిలోంచి అడుగుదాకా దించడం కష్టం. 1800 ప్రాంతంలో ఇంగ్లండు సైన్యంలోకి వచ్చిన బేకర్ రైఫిల్‌తో పాటు, గుండును కొట్టి దించడానికి మొదట్లో చిన్న కొయ్య సుత్తి కూడా ఇచ్చారు. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు సుత్తితో గుండు దిగ్గొట్టుకుంటూ కూర్చునే వీలుంటుందా? అందుకే చాలాకాలం మామూలు సిపాయి చేతికి నున్నని గొట్టం తుపాకే ఇచ్చారు.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఆ చిక్కును విడదీసింది. గొట్టం లోపల మూడు గాడులుండేవి. గుండును గొట్టం కంటే కొంచెం సన్నగా చేశారు కాబట్టి సులువుగా దిగేది. మందు పేలగానే మెత్తటి సీసం ఉబ్బి గాడులను పట్టుకునేది. మందూ గుండూ కలిపి కాగితంలో చుట్టిన తూటా వచ్చేది. కాగితాన్ని పళ్లతో చింపి, మందు గొట్టంలో పోసి, గుండున్న కొసను మూతిలో పెట్టి దట్టించాలి. గుండు చుట్టూ ఉన్న కాగితానికి బయట కొవ్వు, మైనం పూసేవారు. గుండు జారడానికి ఆ పూత ఉపయోగపడేది. అంతకంటే ముఖ్యంగా, గొట్టంలో ఉన్న మసిని అది మెత్తగా ఉంచేది. మసి గట్టిపడితే తర్వాతి గుండు దిగదు.

కొవ్వు పూసింది మసి కోసమన్న మాట. గొట్టంలో మసి లేకపోతే తూటాకు కొవ్వు పని లేదు. ఆ కొవ్వు ఏ జంతువుదన్న సంగతిని కుంపిణీ దొరలు పట్టించుకోలేదు. 1857 జనవరిలో దమ్‌దమ్‌లో గుసగుసలు మొదలయ్యాక, సిపాయిలు తమకు నచ్చిన పూతను తామే పూసుకోవచ్చన్నారు. అప్పటికే ఆలస్యమైంది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్‌లో మీరట్‌లో 85 మంది తూటాలు ముట్టుకోమన్నారు. మే 10న మీరట్ లేచింది. ఆ మంట మన వైపుకూ వచ్చింది. నిర్మల్ ప్రాంతంలో గోండులూ రోహిల్లాలూ కలిసి పోరాడారు. వాళ్ల నాయకుడు రాంజీ గోండును 1860లో ఉరితీశారు.

తిరుగుబాటు ఒక్క కొవ్వు వల్లే రాలేదు. భూములు పోవడం, రాజ్యాలు పోవడం, జీతాల్లో తేడాలు, అవమానాలు ఎప్పటినుంచో పేరుకుని ఉన్నాయి. కొవ్వు వాటికి నిప్పు మాత్రమే పెట్టింది. ఆ తర్వాత ఎన్‌ఫీల్డ్ తూటా పూతలో కొవ్వు బాగా తగ్గించి తేనెమైనం పెంచారు. ఎండకు కొవ్వు కరిగిపోతోందని వాళ్లకూ అర్థమైంది. మన అడవిలో తేనె తీసే ప్రతి ఇంట్లో ఉండే వస్తువే ఆ మైనం.

గాడులు గీకేసిన తుపాకులు

మన పుస్తకాల్లో కనపడని మరో సంగతి ఉంది. తిరుగుబాటు అణిగాక ఇంగ్లీషు ప్రభుత్వం భారతీయ సిపాయిలకు మంచి రైఫిళ్లు ఇవ్వకూడదనుకుంది. 1858, 1859 నమూనాల పేరుతో వాళ్లకు ప్రత్యేకంగా తుపాకులు వచ్చాయి. చూడడానికి అచ్చం ఎన్‌ఫీల్డే. గొట్టం లోపల మాత్రం గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. పైకి రైఫిలే గానీ, దూరం కొడితే గురి నిలవదు. తెల్ల సిపాయిది గాడుల తుపాకి, నల్ల సిపాయిది గాడుల్లేని తుపాకి. అప్పటినుంచి చాలా ఏళ్లు తెల్లవాళ్లకు కొత్త రకం వచ్చాకే పాత రకం భారతీయ సిపాయిలకు దక్కేది. 20వ శతాబ్దంలో కూడా పోలీసుల కోసం పాత .303 రైఫిళ్ల గాడులు తొలిచి, .410 నున్నని గొట్టాలుగా మార్చి ఇచ్చారు.

1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకు ఆ ఇబ్బంది లేకుండా మినహాయింపులు ఉండేవి. మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప పితూరీ లేచింది. చిగురుపన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం దానికి కారణాలు. దాన్ని అణచడానికి మద్రాసు పటాలాలను దించాల్సి వచ్చింది. మన్యం మనిషి చేతిలో ఉన్న నాటు తుపాకిని కూడా సర్కారు ఎందుకు లెక్కబెట్టిందో ఈ వరుస చూస్తే తెలుస్తుంది.

1922 లెక్క

పాఠాల్లో మన గురించి ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఆదివాసులు విల్లంబులతో తుపాకులను ఎదిరించారు అని. అది అబద్ధం కాదు. కానీ సగమే నిజం. ఆ వాక్యం విన్న పిల్లవాడు, మనవాళ్లకు తుపాకి సంగతి తెలియదు కాబట్టి ఓడిపోయారు అనుకుంటాడు. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నాను. మా తాత గొట్టం కడగడం చూస్తూ పెరిగి కూడా అలా అనుకున్నానంటే పుస్తకానికి ఎంత బలం ఉందో చూడండి.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. దళంలో గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి మన్యం పెద్దలు ఉన్నారు. చింతపల్లిలో 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బాయినెట్లు, 5 కత్తులు దొరికాయి. తీసుకెళ్లినవాటి వివరాలు స్టేషన్ పుస్తకంలో రాసి రాజు సంతకం చేశాడు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు చేతికొచ్చాయి. సెప్టెంబరు 24న దామనపల్లి దారిలో కాపుకాసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులను కాల్చారు. తుపాకి తెలియనివాళ్లు చేయగల పని కాదు అది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. నేను పిల్లలతో బోర్డు మీద వేయించిన లెక్కే ఇది. 2500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి వంద కూడా రావు. రాజును కోయ్యూరు దగ్గర కాల్చి చంపింది 1924 మే 7న. అంటే పోరాటం 20 నెలలకు పైగా సాగింది. ఆ మూడు రోజుల్లో దొరికిన తూటాలే ఆధారమైతే, తుపాకి ఒక్కింటికి నెలకు ఐదు కూడా రావు. దామనపల్లి లాంటి చోట్ల మరికొన్ని దొరికినా లెక్క పెద్దగా మారదు. సిపాయి గురి నేర్చుకోవడానికే అంతకంటే ఎక్కువ కాలుస్తాడు.

మరి తూటాలు అయిపోతే ఎక్కణ్నుంచి వస్తాయి? ఇక్కడే నాటు తుపాకికీ, స్టేషన్ తుపాకికీ ఉన్న తేడా తెలుస్తుంది. తాత తుపాకికి కావాల్సిన బొగ్గు ఇంటి దగ్గర కాల్చుకోవచ్చు. పెట్లుప్పూ గంధకమూ సంతలో కొనుక్కోవచ్చు. సీసం కరిగించి గుండు పోసుకోవచ్చు. గజం వంగితే ఊరి కమ్మరి సరిచేస్తాడు. మసి పడితే కుండెడు వేడినీళ్లు చాలు. దానికి కావాల్సిందంతా కొండలోనూ సంతలోనూ ఉంది.

స్టేషన్ తుపాకి తూటా అలా కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున తట్టగానే నిప్పు పుట్టించే మందు, లోపల మరో మందు, పైన అచ్చుకు సరిపోయే గుండు, అన్నీ ఫ్యాక్టరీలోనే తయారు కావాలి. పూనా దగ్గర కిర్కీలో మందుగుండు ఫ్యాక్టరీ 1869లో వచ్చింది. రైఫిల్ ఫ్యాక్టరీ బెంగాల్లోని ఇషాపూర్‌లో ఉంది. పొగ రాని కార్డైట్ మందు చేసే ఫ్యాక్టరీ 1903 ప్రాంతంలో నీలగిరుల్లోని అరువంకాడులో పెట్టారు. తోడాలు, కోటాలు, కురుంబలు బతికే కొండలవి. అప్పట్లో ఆ నీలగిరులూ మన మన్యమూ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. ఒక ఆదివాసీ కొండలో తయారైన మందు ఇంకో ఆదివాసీ కొండ మీదికి వచ్చిందన్న సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు మనసు బాగాలేదు.

శుభ్రం చేయడం కూడా ఆ ఫ్యాక్టరీతోనే ముడిపడింది. సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మడమలో చిన్న అర ఉండేది. అందులో నూనె సీసా, ఒక కొసకు ఇత్తడి బరువు కట్టిన తాడు పెట్టేవారు. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ఉన్న ఫ్లానెల్ గుడ్డ ముక్కను తాడుకున్న ఉచ్చులో పెట్టి, బరువును గొట్టంలో జారవిడిచి, అవతలినుంచి లాగేవారు. గుండు మీది లోహపు తొడుగు అరిగి గొట్టంలో అంటుకుంటే తీయడానికి తీగ జాలీ ఉండేది. కార్డైట్‌కు నల్లమందు అంత మసి రాదు. కానీ తట్టగానే నిప్పు పుట్టించే మందులో క్లోరేటు ఉండేది. అది కాలితే మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఇంచుమించు మన ఉప్పులాంటిదే. ఉప్పు నూనెలో కరగదు. ఎంత నూనె పట్టించినా లోపల తుప్పు పడుతూనే ఉండేది. అసలు దోషి ఆ ఉప్పేనని అమెరికా గనుల శాఖ రసాయన శాస్త్రజ్ఞులు తేల్చింది 1920ల ప్రాంతంలోనే. దానికి మందు ఏమిటంటే, ముందు గొట్టంలో మరిగే నీళ్లు పోయాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాత నూనె రాయాలి. బ్రిటిషు సిపాయి గరాటు పెట్టి చేసిందీ, మా తాత ఆనపకాయ బుర్రతో చేసిందీ ఒకే పని.

కాబట్టి ఓటమికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. వేడినీళ్లు మనకూ ఉన్నాయి, చేతివాటం ఉంది, అడవి దారులు వాళ్లకంటే మనకే బాగా తెలుసు. లేనిది తూటా ఫ్యాక్టరీ. స్టేషన్ నుంచి తెచ్చిన తుపాకి మన చేతిలో ఉన్నా దాని మేత సర్కారు కొట్టులోనే ఉంది. ఆ సంగతి సర్కారుకు బాగా తెలుసు. అక్టోబరు 15న దళం అడ్డతీగల వెళ్లేసరికి అక్కడి స్టేషన్లో ఆయుధాలు లేవు, ముందే తప్పించారు. ఆ తర్వాత రంపచోడవరంలోనూ అంతే. మన్యానికి కొత్త పటాలాలను దించడం ఒక ఎత్తు, స్టేషన్లను ఖాళీ చేయడం మరో ఎత్తు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర దళానికి గట్టి దెబ్బ తగిలింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగారు. మేలో రాజు, జూన్‌లో గంటందొర పోయారు. అంతకుముందే పట్టుబడిన మల్లుదొర అండమాన్ జైలుకు వెళ్లి, బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

తిరిగొచ్చిన తుపాకి

నా చిన్నప్పుడు ఒకసారి ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పాలి. తాత ముందురోజే తుపాకి కడిగి, ఆముదం పట్టించి, పాత చీర గుడ్డలో చుట్టి, ఎనిమిది మైళ్లు నడిచి వెళ్లి అప్పగించాడు. నేనూ వెంట వెళ్లాను. అక్కడి ఒక ఉద్యోగి గొట్టంలో వేలు పెట్టి చూసి, నల్లటి జిడ్డు తగిలిందని, "ఏరా, నిన్న ఎక్కడ పేల్చావు?" అని గద్దించాడు. అది మసి కాదు, ఆముదమని తాత చెప్పాడు. గుడ్డతో తుడిచి చూపిస్తానన్నాడు. వినలేదు. సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టి, సంతకం బదులు వేలిముద్ర వేయించుకుని పంపించారు. తాత వేలికి అంటిన సిరాను దారిలో వాగులో కడుక్కున్నాడు. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఎన్నికలైపోయాయి. నెలలు గడిచాయి. వానాకాలం వెళ్లాక తుపాకి తిరిగి ఇచ్చారు. తడి గదిలో మూల పడేసి ఉంచారు. చీర గుడ్డ లేదు. తాత ఇంటికి తెచ్చి, నీళ్లు కాచి, బుర్రతో పోశాడు. ఈసారి నల్లనీళ్లు రాలేదు, ఎర్రనీళ్లు వచ్చాయి. ఎన్ని బుర్రలు పోసినా ఎర్రగానే వచ్చాయి. గొట్టం లోపల గుంటలు పడ్డాయి. గుంటలు పడ్డ గొట్టంలో మసి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, కడిగినా పోదు. అలాంటి దాంట్లో మందు దట్టిస్తే పేల్చినవాడికే ప్రమాదం. తాత ఆ తుపాకిని మళ్లీ పేల్చలేదు. తర్వాతి ఏడు లైసెన్సు తిరగరాయించుకోలేదు. తుపాకిని అప్పగించేశాడు. ఆ ఏడు కంది చేను పందుల పాలైంది.

మసి ఉంటే పేల్చావంటారు, మసి లేకపోయినా నూనె చూసి పేల్చావంటారు. ఇనుమును జాగ్రత్తగా చూసుకోవడం తెలిసినవాడిని దొంగలా నిలబెట్టారు. దాన్ని పాడుచేసినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. తాత పోయి చాలా ఏళ్లైంది. ఆ ఎర్రనీళ్లు మాత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కడతాయి. 1858లో గాడులు తీసేసిన తుపాకుల సంగతి చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే. ఆయుధం ఎవరి చేతిలో ఎంతవరకు పనిచేయాలో నిర్ణయించే అధికారం వేరేవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

కుర్రాడికి చెప్పిన జవాబు

ఆ రోజు తరగతిలో ఇదంతా చెప్పే సమయం లేదు. బోర్డు మీద గొట్టం బొమ్మ గీసి, గాడులు చూపించి, మసి ఎలా పట్టుకుంటుందో, కొవ్వు ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాను. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి, "మా ముత్తాత కూడా వేణ్నీళ్లు పోసేవాడంట మాస్టారూ, మా మామ్మ చెప్పింది" అంది. ఇంకొకడు తన తాత మందు ఎలా నూరేవాడో చెప్పబోయి, భయపడి ఆగిపోయాడు. నేను వాణ్ని బలవంతపెట్టలేదు. ఆ భయం వాడిది కాదు, మనందరిదీ.

చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నాటు తుపాకి ఉంచుకోవడం నేరం. ఎవరూ ఉంచుకోవాలని నేను చెప్పడం లేదు. మా ఊళ్లో ఇప్పుడు ఏ ఇంటి చూరు కిందా తుపాకి లేదు, అది మంచిదే. కానీ తుపాకితో పాటు దాని చుట్టూ ఉన్న తెలివిని కూడా పారేసుకున్నాం. బొగ్గుకు ఏ కర్ర మంచిది, మందు ఎంత తడిలో పనికిరాకుండా పోతుంది, ఇనుముకు తుప్పు ఎలా పడుతుంది, వేడినీళ్లు ఎందుకు కావాలి అన్నవన్నీ మన పెద్దలు చేతులతో నేర్చుకున్న రసాయన శాస్త్రం. మన పిల్లలు అదే రసాయన శాస్త్రాన్ని తొమ్మిదో తరగతిలో పరాయి భాషలా బట్టీపడుతున్నారు.

మన చరిత్ర రాసేటప్పుడు మనం ఎక్కువగా నాయకుల పేర్లు, తేదీలు, చనిపోయిన చోట్లు అడుగుతాం. అవి కావాలి. వాటితో పాటు ఇంకొన్ని కూడా అడగండి. తిండి ఎవరు మోశారు, వానలో మందు ఎలా కాపాడారు, తూటాలు ఎన్ని మిగిలాయి, గొట్టం ఎవరు కడిగారు, నీళ్లు ఎవరు కాచారు? మా ఇంట్లో అయితే నీళ్లు కాచింది మా నాయనమ్మ. ఆమె పేరు ఏ లైసెన్సులోనూ లేదు. ఇలాంటివి చెప్పగలిగిన ముసలివాళ్లు మన ఊళ్లలో ఇంకా కొందరున్నారు. ఈ పుస్తకం చదివిన ప్రతి టీచరూ ఈ వేసవి సెలవుల్లో ఒక్కరి దగ్గరైనా కూర్చుని రాసుకోవాలని నా కోరిక. వచ్చే సంచికకు మా ఎనిమిదో తరగతి పిల్లలు తమ తాతలను అడిగి తెచ్చినవాటిని నేను రాసి పంపుతాను.